నేరన్యాయశాఖలలో తొలికొలువు - మాటయు మన్ననయు



ప్రతి సంవత్సరమును పరీక్షలు ముగిసిన పిమ్మట, మన పాఠశాలలో చదివి పైచదువులకు వెళ్లిన బాలబాలికలు కొందఱు నాయొద్దకు వచ్చి, “మాస్టరుగారూ, కానిస్టేబులు పరీక్షకు కూర్చుండదలచితిని, ఏ పుస్తకములు చదువవలెను? పరుగు ఎన్నాళ్లు సాధన చేయవలెను?” అని యడుగుచుందురు. పుస్తకముల పేళ్లు చెప్పుదును; పరుగు విషయమై వ్యాయామోపాధ్యాయుని యొద్దకు పంపుదును. కాని యిన్ని సంవత్సరములలో, “మాస్టరుగారూ, ఆ కొలువులో చేరినవాడు మనుష్యులతో నెట్లు మాటలాడవలెను?” అని యడిగినవాడు ఒక్కడును లేడు.

ఎవరును అడుగని యా ప్రశ్నకే ఈ వ్యాసమున సమాధానము చెప్పదలచితిని. పోలీసు, న్యాయస్థానము, కారాగారము అను శాఖలలో తొలిమెట్టు మీద నిలుచు ఉద్యోగికి చదువు కావలెను, దేహబలమును కావలెను. కాని దినదినమును అతడు వాడు పనిముట్టు మాటయే. లాఠీ ఎత్తవలసిన దినములు కొలదిగా నుండును; నోరు విప్పవలసిన పని ప్రతిదినము ఉదయము మొదలు రాత్రి వఱకు నుండును. “నోరు మంచిదైన ఊరు మంచిదగును” అను మన సామెత ఈ కొలువులకు వర్తించినంతగా మఱి దేనికిని వర్తింపదేమో!

ఈ శాఖలు ఏవి? ఇందలి తొలికొలువులు ఏవి?

నేరము జరిగినపుడు దానిని దర్యాప్తు చేసి, దోషి యెవరో నిర్ణయించి, శిక్షను అమలు జరుపు ఏర్పాటునంతటిని కలిపి నేరన్యాయవ్యవస్థ యందురు. అందు ముఖ్యముగా మూడు శాఖలు గలవు. ఫిర్యాదు స్వీకరించి దర్యాప్తు చేయునది పోలీసు శాఖ. సాక్ష్యము విని తీర్పు చెప్పునది న్యాయస్థానము. విచారణలో నున్నవారిని, శిక్షపడినవారిని కావలిలో నుంచునది కారాగారశాఖ.

పోలీసు శాఖలో మన ఆంధ్ర తెలంగాణ రాష్ట్రములందు తొలికొలువు కానిస్టేబులు పదవి. దీనికి ఇంటర్మీడియెటు గాని తత్సమానమగు పరీక్ష గాని ఉత్తీర్ణత కావలెను. షెడ్యూల్డు కులములవారును తెగలవారును పదవ తరగతి ఉత్తీర్ణులై, ఇంటర్మీడియెటు పరీక్షకు హాజరైన చాలును. సబ్‌ఇన్స్పెక్టరు కావలెనన్న డిగ్రీ యుండవలెను. కారాగారములో వార్డరు పదవియు కానిస్టేబులు పదవి వంటిదే. దానికి సామాన్యముగా పోలీసు నియామక మండలియే యెంపిక జరుపును. న్యాయస్థానములలో ఆఫీసు సబార్డినేటు, ప్రాసెస్ సర్వరు, కాపీయిస్టు, జూనియరు అసిస్టెంటు మొదలగు కొలువులు గలవు. ప్రాసెస్ సర్వరనగా మన పెద్దలు “అమీనా” అని పిలిచిన ఉద్యోగి. సమనులు, నోటీసులు ఇంటింటికి తీసికొనిపోయి అందజేయువాడు. దీనికి పదవ తరగతి చదువు చాలును. జూనియరు అసిస్టెంటునకు డిగ్రీ కావలెను. ఈ న్యాయస్థానపు కొలువులకు హైకోర్టువారు ప్రకటన యిచ్చుచుందురు.

ఎంపిక ఎట్లు జరుగును?

కానిస్టేబులు ఎంపికలో మొదట ఒక ప్రాథమిక వ్రాతపరీక్ష జరుగును. అందు నెగ్గినవారికి దేహపు కొలతలు, పరుగు మొదలగు పరీక్షలు జరుపుదురు. పురుషులకు సామాన్యముగా 167.6 సెంటీమీటర్ల ఎత్తును, 86.3 సెంటీమీటర్ల ఛాతీయు, ఊపిరి పీల్చినపుడు 5 సెంటీమీటర్ల పెరుగుదలయు ఉండవలెను. స్త్రీలకు 152.5 సెంటీమీటర్ల ఎత్తు కావలెను. కొన్ని వర్గములవారికి ఈ కొలతలలో సడలింపు గలదు. అటుపిమ్మట తుది వ్రాతపరీక్ష. కనీస వయస్సు 18 సంవత్సరములు. గరిష్ఠ వయస్సు ప్రకటనను బట్టియు, వర్గమును బట్టియు మాఱుచుండును గాన ప్రతి ప్రకటనను స్వయముగా చదివి తెలిసికొనవలెను.

ఇచ్చట ఓపిక కూడ నొక అర్హతయే. 2022 నవంబరులో ఆంధ్రప్రదేశమున 6,100 కానిస్టేబులు పదవులకు ప్రకటన వెలువడెను. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగెను. తుది వ్రాతపరీక్ష జరిగినది 2025 జూనులో! ఈ రెండున్నర సంవత్సరములు చేతులు ముడుచుకొని కూర్చున్నవారు నష్టపోయిరి. చదువునో, చిన్నపనినో విడువక సాగించినవారు నిలదొక్కుకొనిరి. కావున ఒకే ప్రకటనకు జీవితమంతయు కట్టివేయరాదు.

ఇక ముఖ్యమైన సంగతి. కానిస్టేబులు ఎంపికలో ముఖాముఖి పరీక్ష లేదు. ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నలడుగువారు లేరు. అందుచేతనే మన పిల్లలు “మాటనేర్పుతో పనియేమి? లెక్కలు వచ్చిన చాలును, పరుగు వచ్చిన చాలును” అని తలంతురు. ఇది పొరపాటు. తెలంగాణములో 2022 సంవత్సరపు కానిస్టేబులు నియామకమునకు నిర్ణయించిన తుదిపరీక్ష పాఠ్యాంశములలో నీతి, స్త్రీలయెడలను బలహీనవర్గములయెడలను సున్నితభావము, సామాజిక స్పృహ, ఉద్వేగములను అదుపులో నుంచుకొను తెలివి అను అంశములును చేర్చబడినవి. అదియు నట్లుండనిండు. ముఖాముఖి పరీక్ష లేదని యెవరు చెప్పిరి? శిక్షణ ముగించి స్టేషనులో అడుగిడిన మొదటి దినముననే అది ప్రారంభమగును. ప్రశ్నలడుగువారు అధికారులు గారు. ఏడ్చుచు వచ్చిన తల్లి, త్రాగి వచ్చిన కూలివాడు, తప్పిపోయిన బిడ్డ తండ్రి. ఆ పరీక్షకు రెండవసారి కూర్చుండుట లేదు.

కొలువునకు ముందే నడవడి పరీక్ష

మాటయు కోపమును కొలువులో చేరిన తరువాతనే కాదు, చేరుటకు ముందును మన భాగ్యమును నిర్ణయించుచుండును. ఎంపికైన ప్రతి అభ్యర్థి పూర్వచరిత్రను పోలీసువారు విచారింతురు. తనమీద ఏదైన కేసు నమోదైనదా, అరెస్టు జరిగినదా అను ప్రశ్నలకు అభ్యర్థి స్వహస్తముతో జవాబు వ్రాసి యీయవలెను. దాచిపెట్టినచో ఆ దాచుటయే ఉద్యోగమునకు ముప్పు తెచ్చును. 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగు కేసులో ఈ విషయమును విపులముగా చర్చించి, అభ్యర్థి ఇచ్చు వివరములు సత్యములై యుండవలెననియు, నేరము యొక్క స్వభావమును, ఇతర పరిస్థితులను చూచి అధికారులు నిర్ణయము చేయవచ్చుననియు తెలిపెను.

విద్యార్థులారా, దీని యర్థము గ్రహింపుడు. జాతరలో ఒక మాట మీద మాట పెరిగి రాయి విసరిన సాయంకాలము, కళాశాల వాకిట కొట్లాటలో ముందు నిలిచిన మధ్యాహ్నము, ఫోనులో ఎవరినో బెదరించి పంపిన నాలుగు పంక్తులు - ఇవి యేండ్ల తరబడి చేసిన పరుగును ఒక్క కాగితముతో వ్యర్థము చేయగలవు. కోపము అణచుకొనుట సద్గుణమని పాఠములో చదివితిరి. అది ఉద్యోగార్హత కూడ నని ఇప్పుడు తెలిసికొనుడు. ఒకవేళ తప్పు జరిగియే యున్నచో దాచక ఉన్నది ఉన్నట్లు వ్రాయుడు. తెలిసిన న్యాయవాదిని సలహా యడుగుడు.

మొదటి నేర్పు - వినుట

మనుష్యులతో మెలగు నేర్పులలో మొట్టమొదటిది మాటలాడుట కాదు, వినుట. నేను శిక్షణ కళాశాల నుండి వచ్చి బడిలో చేరిన తొలి సంవత్సరమున జరిగిన సంగతి యొకటి చెప్పెదను. తరగతిలో ఒక బాలుని కలము పోయినది. ఆ బల్లకు దగ్గఱగా చినిగిన చొక్కాతో నొక పేదపిల్లవాడు నిలుచుండెను. నేను ముందువెనుకలు చూడక, “నీవే తీసితివి, ఇచ్చివేయుము” అంటిని. వాడు తలవంచుకొని మౌనముగా నుండెను. ఆ మౌనమును ఒప్పుకోలుగా భావించితిని. సాయంకాలము ఆ కలము పోగొట్టుకొన్నవాని సంచి చిరుగులోనే దొరకినది. మరునాడు నేను ఆ పిల్లవానిని పిలిచి, “నిన్న నీవేల మాటలాడవైతివి?” అని యడుగగా వాడు, “మాస్టరుగారూ, మీరు నన్ను అడుగలేదు, నాతో చెప్పితిరి” అనెను.

తరగతి యెదుట వానిని క్షమాపణ వేడితిని. కాని ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. నేను ఉపాధ్యాయుడను, నా తప్పునకు వాడు ఒక రాత్రి దుఃఖించెను. అదే తప్పు పోలీసు ఉద్యోగి చేసినచో ఒక కుటుంబము కుంగిపోవును.

వినుట యనునది ఉద్యోగి దయాగుణమునకు వదలినది కాదు. చట్టమే దానిని విధించినది. పూర్వపు క్రిమినలు ప్రొసీజరు కోడునకు బదులు 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. దాని 173వ సెక్షను ప్రకారము, విచారణకు తగిన నేరమును గూర్చి ఎవరైన నోటిమాటగా చెప్పినచో దానిని వ్రాసికొని, చెప్పినవారికి తిరిగి చదివి వినిపించి, సంతకము చేయించుకొనవలెను. ప్రతిని ఉచితముగా నీయవలెను. నేరము మా సరిహద్దులో జరుగలేదని వెనుకకు పంపరాదు. “చదివి వినిపించుట” అను మాటను గుర్తింపుడు. ఎదుటివాడు చెప్పినది మనము సరిగా వింటిమా లేదా అని పరీక్షించుకొను ఉపాయము అందే యున్నది.

నా పూర్వవిద్యార్థి యొకడు ఇప్పుడు కానిస్టేబులుగా నున్నాడు. సెలవులకు వచ్చినపుడు ఇట్లు చెప్పెను. ఒక ముసలమ్మ వెండి కడియములు పోయినవని స్టేషనుకు వచ్చినదట. ఆమె కడియముల సంగతి చెప్పక, మనుమనికి జ్వరము వచ్చిన కథ మొదలుపెట్టినది. ప్రక్కనున్నవారు “అసలు సంగతి చెప్పుము” అని కసరబోగా, ఇతడు బల్లమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, “అవ్వా, మొదటినుండి చెప్పుము, నేను వ్రాసికొనుచున్నాను” అనెనట. జ్వరము కథ నడుమ, మందులమ్మునని చెప్పి యింటిలోనికి వచ్చిన పరదేశి ప్రస్తావన వచ్చినది. దర్యాప్తునకు దారి యక్కడనే దొరకినది. భయపడినవారు సంగతిని వరుసగా చెప్పరు. ఆ వరుసను వెదకుట వినువాని పని.

రెండవ నేర్పు - కోపమును గెలుచుట

1829లో లండను మహానగర పోలీసు దళము ఏర్పడినపుడు, సైనికుడగు రోవన్, న్యాయవాదియగు మేన్ అను నిద్దఱు దానికి మొదటి కమీషనర్లైరి. ఆనాడు కానిస్టేబుళ్లకిచ్చిన ఉత్తరువులలో, పోలీసు ఉద్యోగికి తన కోపము మీద సంపూర్ణమగు అదుపు కంటె అత్యవసరమైన గుణము వేఱొకటి లేదను భావము కనబడును. రెండు శతాబ్దములు కావచ్చినను ఆ మాట పాతబడలేదు. నేడు వీధిలో ప్రతివాని చేతిలోను ఫోనున్నది. ఒక్క దుర్భాష నిమిషములలో రాష్ట్రమంతయు వినును. కాని ఫోనున్నదను భయముచేత నోరు అదుపులో నుంచుకొనువాడు ఫోను లేనిచోట విడిచివేయును. అదుపు లోపలినుండి రావలెను.

మన భాషలో ఈ అదుపునకు ఒక సులభమైన కొలబద్ద గలదు. మనము ఎవరిని “మీరు” అందుము, ఎవరిని “నువ్వు” అందుము, ఎవరిని “ఏరా” అందుము? ఇస్త్రీ చొక్కా తొడిగినవానిని “దయచేయుడు” అని, చెప్పులు చేతబట్టుకొని నిలిచినవానిని “ఏరా, ఏమి కావలె?” అని పిలుచు ఉద్యోగి, ఫిర్యాదు వినకముందే తీర్పు చెప్పినవాడగును. ఇట్టి పిలుపు విన్నవాడు గుమ్మము నుండియే తిరిగిపోవును. వానికి జరిగిన అన్యాయము ఏ పుస్తకములోను నమోదు కాదు. కావున కులము, వేషము, చదువు, ఊరు చూడక పెద్దవారినందఱిని “మీరు” అనుట అభ్యసింపుడు. దీనికి ఖర్చు లేదు. ఫలము మాత్రము గొప్పది.

మృదువుగా మాటలాడుట బలహీనత యని కొందఱు తలంతురు. అది నిజము కాదు. గుంపును తొలగింపవలసినపుడు, ఆయుధము పట్టినవానిని అడ్డగింపవలసినపుడు గట్టిగా నిలువవలసినదే. చట్టము అవసరమైనంత బలమును అనుమతించుచున్నది. కాని గట్టితనము వేఱు, అవమానము వేఱు.

మూడవ నేర్పు - తేటగా చెప్పుట

కోర్టు కాగితము గుమ్మములోనికి వచ్చిన దినమున పల్లెటూరి యిల్లు ఎట్లుండునో మీలో కొందఱెరుగుదురు. పొయ్యి ఆఱిపోవును, ఇరుగుపొరుగువారు గుమిగూడుదురు. అమీనా యొక్క రెండు మాటలు ఆ యింటిని నిలబెట్టగలవు. “అమ్మా, ఇది అరెస్టు కాదు. మీ వారిని సాక్షిగా రమ్మని పిలుపు. వచ్చే నెల ఫలానా తేదీన, ఫలానా ఊరి కోర్టుకు, ఉదయము రావలెను. ఈ కాగితము వెంట తీసికొని రండి.” ఇంతియే. ఇట్లు చెప్పనిచో భయపడి సాక్షి రాడు. సాక్షి రానిచో వాయిదా పడును. వాయిదాల మీద వాయిదాలు పడి న్యాయము వెనుకబడును.

ఈ పనిలో నొక మార్పు చెప్పదగినది. పిలువబడిన వ్యక్తి ఎంత వెదకినను దొరకనపుడు, పూర్వపు చట్టము ప్రకారము అతనితో కాపురమున్న కుటుంబములోని వయోజనుడగు పురుషునికి మాత్రమే సమను ఇచ్చి పోవచ్చును. 2024 నుండి అమలైన సంహితలోని 66వ సెక్షను “పురుషుడు” అను నియమమును తొలగించినది. ఇప్పుడు తల్లియో, భార్యయో, పెద్దకుమార్తెయో తీసికొనవచ్చును. కావున అమీనా ఇకమీదట స్త్రీలతో గౌరవముగా, వారికి బోధపడునట్లుగా మాటలాడ నేర్వవలెను. “ఇంటిలో మగవారెవరు లేరా?” అని వెనుదిరుగు కాలము పోయినది.

పోలీసు ఉద్యోగికిని ఇట్లే. అరెస్టు చేసినపుడు కారణము తెలుపవలెను. బంధువులకో మిత్రులకో సమాచారమీయవలెను. ప్రయాణకాలము గాక 24 గంటలలోగా మేజిస్ట్రేటు యెదుట నిలుపవలెను. స్త్రీలను, 15 సంవత్సరముల లోపు బాలురను, 60 దాటిన పురుషులను, అంగవైకల్యము గాని తీవ్రరోగము గాని గలవారిని సాక్ష్యము నిమిత్తము వారి నివాసము విడిచి రమ్మని నిర్బంధింపరాదు. ఫిర్యాదు చేసినవారికి 90 దినములలోగా దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో తెలుపవలెను. చూచితిరా! ఈ నియమములలో అధికభాగము “చెప్పుట”, “తెలుపుట” అను క్రియలతోనే యున్నవి. తెలియనిది అడిగినపుడు కల్పించి చెప్పరాదు. “నాకు తెలియదు, కనుగొని చెప్పెదను” అనుటయు తేటమాటయే.

నాలుగవ నేర్పు - ఉన్నది ఉన్నట్లు నివేదించుట

మనుష్యులతో మెలగుట యనగా తీయగా మాటలాడుట మాత్రమే యని తలంపరాదు. పై అధికారితోను, తోటివానితోను సత్యముగా నుండుట అందు ముఖ్యభాగము. చూచినది, విన్నది, ఊహించినది అను మూడును వేఱువేఱు. “అతడు తూలుచు నడచెను” అనునది చూచినది. “త్రాగియున్నాడని పొరుగువారు చెప్పిరి” అనునది విన్నది. “త్రాగియుండును” అనునది ఊహ. వీనిని కలిపివేసి వ్రాసిన కానిస్టేబులు, కోర్టులో ప్రతిపక్ష న్యాయవాది వేయు నాలుగవ ప్రశ్నకే తడబడును. అధికారి వేఱొక విధముగా తలంచినపుడు, “అయ్యా, నేను చూచినది ఇంతవఱకే” అని వినయముతో చెప్పగల ధైర్యము కావలెను. వినయము లేని ధైర్యము కొట్లాటయగును. ధైర్యము లేని వినయము అబద్ధమునకు దారితీయును.

అయిదవ నేర్పు - దూరమెరిగి మెలగుట

ఇది వార్డరునకు ప్రధానము. 2022 సంవత్సరాంతమున మన దేశపు కారాగారములలో నున్నవారిలో నూటికి 75 మందికి పైగా ఇంకను తీర్పు రాని విచారణఖైదీలు. అనగా వార్డరు దినమంతయు మాటలాడునది అధికముగా దోషులని తేలని వారితోనే. మొదటి రాత్రి జైలులో గడుపువాని మనస్సు ఎంత కలత చెందియుండునో ఊహింపుడు. “భోజనము ఈ వేళకు, ములాఖాతు ఈ దినమున, జబ్బు చేసిన ఈయనతో చెప్పవలెను” అని నెమ్మదిగా చెప్పిన వార్డరు ఒక ప్రాణమును కాపాడినవాడు కావచ్చును. అట్లని ఉత్తరములు దొంగతనముగా మోయుట, ఫోను అందించుట, చేయలేని వాగ్దానములు చేయుట దయ కాదు; వానివలన ఖైదీకిని ఉద్యోగికిని కూడ కీడు కలుగును. “కాదు” అని తిట్టకుండ చెప్పుట, ఒకరికి చెప్పిన నియమమునే అందఱికిని చెప్పుట - ఇవియే దూరమెరిగి మెలగుట.

ఒక ఉదాహరణము

చిన్న కొలువులో చేరి, మనుష్యుల నెరిగి, పెద్దపదవి నందినవారు మన తెలుగువారిలోనే గలరు. 1869లో వనపర్తి సంస్థాన ప్రాంతమున జన్మించిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డిగారు నిజాము ప్రభుత్వమున పోలీసు అమీనుగా ప్రవేశించిరి. ఆ రాజ్యములో “అమీను” అనగా నేటి సబ్‌ఇన్స్పెక్టరు వంటివాడు. పైన చెప్పిన కోర్టు అమీనా కాదు. ఆయన క్రమముగా ఎదిగి 1920 నుండి 1934 వఱకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేసిరి. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ మాటలాడు ప్రజలు కలిసియున్న ఆ రాజ్యమున ఎవరి భాషలో వారితో మాటలాడగలుగుట ఆయనకు గొప్ప బలమైనది. 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలునకు ఆయన మూలపురుషులు. పల్లెల నుండి వచ్చిన విద్యార్థులకు అది ఆశ్రయమైనది. తెలంగాణ పోలీసు అకాడమీ నేడు ఆయన పేరు ధరించియున్నది. కొత్వాలను పేరు విన్న జనులు వణకు కాలమున, జనుల మన్ననయు సంపాదించిన కొత్వాలుగా ఆయన నిలిచిరి.

బడిలోనే అభ్యసింపదగినవి

ఈ నేర్పులు పుట్టుకతో వచ్చునవి కావు; చేతివ్రాతవలె సాధనచేత వచ్చునవి. కొన్ని యభ్యాసములు చెప్పెదను.

ఒకటి: ఇద్దఱు ఎదురెదురుగా కూర్చుండి, ఒకరు మూడు నిమిషములు ఏదైన జరిగిన సంగతి చెప్పవలెను. రెండవవారు అడ్డురాక విని, తిరిగి చెప్పవలెను. సరిగా వినిరో లేదో చెప్పినవారే తీర్పరులు. ఫోను సంచిలో నుండవలెను.

రెండు: సంతలోనో, బస్సు నిలుచుచోటనో పది నిమిషములు నిలిచి, చూచినది, విన్నది, ఊహించినది మూడు వరుసలుగా వ్రాయుడు. మూడవ వరుస ఎంత పెద్దదగునో చూచి మీరే ఆశ్చర్యపడుదురు.

మూడు: ఇంటికి వచ్చిన బ్యాంకు ఉత్తరమునో, కరెంటు బిల్లునో అవ్వకు అర్థమగునట్లు చెప్పుడు. ఆమె తిరిగి మీకు చెప్పగలిగిననే మీరు నెగ్గినట్లు.

నాలుగు: కబడ్డీ ఆటలో ఆడుటయే కాక, ఒకనాడు ఈల పట్టి తీర్పరిగా నిలువుడు. మీ స్నేహితునికి వ్యతిరేకముగా న్యాయమైన తీర్పు చెప్పి, వాని కోపమును చిరునవ్వుతో భరించుట పోలీసు శిక్షణలో మొదటి పాఠము వంటిది.

అయిదు: మీ ఊరిలో మాటలాడు రెండవ భాష - ఉర్దూయో, లంబాడీయో, ఒడియాయో, తమిళమో - అందులో ఇరువది వాక్యములు నేర్చుకొనుడు. “భయపడకుడు, ఏమి జరిగినది?” అను ప్రశ్న తన భాషలో విన్నవాని ముఖము ఎట్లు వికసించునో చూడుడు.

ఆఱు: న్యాయస్థానము సామాన్యముగా తెఱచిన వాకిలి గలది. ఉపాధ్యాయుల వెంట, అనుమతి పొంది, ఒక పూట వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండి విచారణ చూడుడు.

2010లో కేరళమున మొదలై 2018లో దేశవ్యాప్తముగా ప్రారంభింపబడిన విద్యార్థి పోలీసు క్యాడెటు పథకమును అందుబాటులో నున్నచోట ఉపయోగించుకొనవచ్చును.

తలిదండ్రులకు ఒక మనవి

“ఇంత సొమ్మిచ్చిన కొలువు ఇప్పించెదను” అని వచ్చు మధ్యవర్తిని గడప దాటనీయకుడు. వ్రాతపరీక్షయు, కొలతలును, పరుగును ఎవరి పని వారే నెగ్గవలసినవి. పొలము అమ్మి యిచ్చిన సొమ్ము తిరిగి రాదు. సొమ్మిచ్చి కొలువు కొన్నవాడు ఆ సొమ్మును ఎవరియొద్ద రాబట్టుకొనునో మీరే ఆలోచింపుడు.

ఆడపిల్లలను ఈ కొలువులకు పంప సంకోచించు తల్లులతో ఒక మాట. అత్యాచారము వంటి కొన్ని నేరములలో బాధితురాలి ఫిర్యాదును స్త్రీ ఉద్యోగియే వ్రాసికొనవలెనని చట్టము చెప్పుచున్నది. స్త్రీలెవరును ఆ కొలువులకు రానిచో ఆ యభాగ్యురాలి మాట వినువారెవరు? మీ కుమార్తె అక్కడ కూర్చుండియున్న, ఇంకొక తల్లి కుమార్తెకు ధైర్యము కలుగును.

తుదిమాట ఇది. పిల్లలు ఇంటిలో ఏ భాష విందురో స్టేషనులో ఆ భాషయే మాటలాడుదురు. పాలేరును, చాకలిని, ఆటో నడుపువానిని మనము ఎట్లు పిలుతుమో వారు గమనించుచునే యున్నారు.

ముగింపు

విద్యార్థులారా, మీలో కొందఱు కానిస్టేబుళ్లు, కొందఱు అమీనాలు, కొందఱు వార్డర్లు, గుమాస్తాలు అగుదురు. మీ పదవి చిన్నదని యెవరైన అన్నచో చింతింపకుడు. సుప్రీంకోర్టు తీర్పు చదివినవారు మన ఊరిలో ఎందఱు? స్టేషను గుమ్మము ఎక్కినవారు మాత్రము ఎందఱో గలరు. వారికి చట్టమనగా ఆ గుమ్మమున నిలిచిన మీ ముఖమే, ధర్మమనగా మీ నోట వచ్చిన మొదటి మాటయే. ఆ మొదటి మాట ఆజ్ఞ కాక, “రండి, కూర్చుండుడు, ఏమి జరిగినది?” అను ప్రశ్న యగుగాక. నాడు తరగతిలో ఆ పిల్లవాడు నన్ను అడిగించుకొనగోరినదియు ఇంతమాత్రమే.